ఎర్రమట్టి దిబ్బల మట్టి మేడ మీద కుండీలకు పనికొస్తుందా?

తేవద్దండీ. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలోని దిబ్బల నుంచి రెండు బస్తాలు తెచ్చి వంగ, టమాటా వేస్తే కాపు బాగుంటుందా అని అడిగారు. అంత ఎర్రగా ఉంటే బలమైన నేలే అనిపిస్తుంది, నిజమే. కానీ అది చాలావరకు ఇసుక.

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఆ ఇసుక నమూనాను ఇనుప తుప్పును కరిగించే డైథయోనైట్, సిట్రేట్ రసాయనాల ద్రావణంలో వేసి, 80 డిగ్రీల వేడినీళ్లలో ఉంచాం. కాసేపటికే ఎరుపు వదిలేసింది. అడుగున గాజు పలుకుల్లాంటి క్వార్ట్జ్ రేణువులు, వాటి మధ్య ఇల్మనైట్ అనే నల్లటి ఖనిజం మిగిలాయి. అంటే ఆ రంగంతా రేణువు మీది పలుచని హెమటైట్ పూత, అంటే ఒక రకం ఇనుప తుప్పు. మన కొండల ఖొండలైట్ రాయిలో ఇనుము ఉన్న గార్నెట్ అనే ఖనిజం ఉంటుంది. అలాంటి ఖనిజాల్లోని ఇనుము వేల ఏళ్లు వానకు తడిసి, ఎండకు ఆరి, గాలి తగిలి తుప్పయింది. మొక్కకు అందులో తిండి లేదు. పైగా మీరు వేసిన భాస్వరాన్ని ఆ పూతే పట్టేసుకుంటుంది.

అదే ఇనుము వరి మడిలో ఇంకోలా ఉంటుంది. ఆనందపురం వైపు ఒక మడిలో దుబ్బు పీకి చూశాను. బురద బూడిద రంగు, వేళ్లకు మాత్రం తుప్పు రంగు. నీళ్లు నిలిస్తే నేలకు గాలి అందదు. అప్పుడు జియోబాక్టర్ లాంటి బాక్టీరియా ఆక్సిజన్ బదులు ఇనుమునే వాడుకుని బతుకుతాయి. ఇనుము కరుగుతుంది, అది పట్టుకున్న భాస్వరమూ విడుదలవుతుంది. వరి తన వేళ్లలోకి గాలి దింపుతుంది కాబట్టి అక్కడ మళ్లీ తుప్పు పడుతుంది. బాక్టీరియాకు అందే ఇనుము తరిగాకే భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు చేసే సూక్ష్మజీవులు ఊపందుకుంటాయి. మడిని మధ్యలో ఒకసారి ఆరబెడితే ఇనుము తిరిగి తుప్పయి, గాలిలోకి పోయే మీథేన్ తగ్గుతుంది. నాకు ఈ చదువులో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

దిబ్బల్ని 2014లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. ఆ ఇసుక ఎంత వదులుగా ఉంటుందంటే, అడుగున కాస్త తవ్వినా వానకు గట్టు జారిపోతుంది. దయచేసి ఎవరినీ తవ్వనివ్వకండి.

కుండీలకు పొలం మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలపండి. అడుగు చిల్లులు మూసుకుపోకుండా చూసుకోండి. మట్టి బూడిద రంగుకు తిరిగి మురుగు వాసన వస్తే కుండీలోనూ గాలి ఆడటం లేదన్నమాట. వెంటనే నీళ్లు ఆపి, చిల్లులు పొడిచి, ఆరనివ్వండి.