ఇరవై అయిదు వేల ల్యాప్‌టాప్ బీటెక్ చదువుకు సరిపోతుందా?

మీ చెల్లెలికి తిరుపతిలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది, ల్యాప్‌టాప్‌కు ముప్పై వేలకు మించి పెట్టలేం అన్నారు. దుకాణంలో చూపించినది 24,990 రూపాయలు: సెలెరాన్ ఎన్4500 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు వాడే జ్ఞాపకం), 256 జీబీ ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే చోటు), పైగా బ్యాగు, మౌసు ఉచితం. కొనవచ్చా అన్నది మీ ప్రశ్న. వద్దు అన్నది నా జవాబు. ఎందుకు వద్దంటున్నానో కాస్త వివరంగా చెబుతాను. అది తెలిస్తే రేపు ఇంకొకరు ఇంకొకటి చూపించినా మీరే తేల్చుకోగలరు.

నేను ఇక్కడే ఒక ఇంజినీరింగ్ కళాశాల కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. నత్తనడక నడిచే ల్యాప్‌టాప్‌లు, విరిగిన మూతలు, ఛార్జ్ నిలవని బ్యాటరీలు పట్టుకుని పిల్లలు మా గదికే వస్తారు. పుత్తూరు, పీలేరు, శ్రీకాళహస్తి చుట్టుపక్కల పల్లెల వాళ్లు చాలామంది. ఇంట్లో చీటీ పాడిన డబ్బుతోనో, పంట డబ్బుతోనో కొనిచ్చిన యంత్రం అది. నాలుగేళ్లు నడిచి తీరాలి. అందుకే ఎవరు ఏ ల్యాప్‌టాప్ గురించి అడిగినా, తర్వాత మార్చడానికి వీల్లేనివి అందులో ఎలా ఉన్నాయో ముందు చూస్తాను. ఎస్ఎస్‌డీ చాలకపోతే పెద్దది వేసుకోవచ్చు. బ్యాటరీ పోతే కొత్తది వస్తుంది. ప్రాసెసర్, తెర, బోర్డుకే అతికించిన ర్యామ్ మాత్రం కొన్న రోజు ఎలా ఉంటే చివరిదాకా అంతే.

ఆ లెక్కన ఎన్4500 నిలవదు. అది 2021లో వచ్చింది, ఉన్నవి రెండే కోర్లు, అంటే ఒకేసారి పనిచేసే భాగాలు. 2023 నుంచి కొత్త ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు సెలెరాన్ అనే పేరు పెట్టడమే ఇంటెల్ మానేసింది. ఉత్తరాలు టైపు చేయడానికి, వీడియో పాఠాలు చూడటానికి అది చాలు. ఇంట్లో పెద్దవాళ్ల కోసమైతే నేనే కొనమనేవాడిని. కానీ మీ చెల్లెలు ఒక పక్క ఆన్‌లైన్ క్లాసు, ఇంకో పక్క బ్రౌజర్లో ఏడెనిమిది ట్యాబులు, వాటి మధ్య కోడ్ రాసే ఎడిటర్ తెరిచి కూర్చుంటుంది. మూడో ఏడాదిలో ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో లాంటిది మొదలుపెడితే ఆ రెండు కోర్లు చేతులెత్తేస్తాయి. ఇలాంటి చవక మోడళ్లలో చాలావాటికి లోపల ఫ్యాను కూడా ఉండదు. మన వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు, హాస్టల్ గదిలో అది వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి ఇంకా నెమ్మదిస్తుంది.

మీ బడ్జెట్‌కు అటూ ఇటూగా వెతకాల్సిన పేర్లు చెబుతాను. ఇంటెల్‌లో కోర్ ఐ3-1215యూ నాకు అన్నిటికంటే నచ్చినది. 2022 నాటిది, ఆరు కోర్లు, అందులో రెండు వేగమైనవి. ఏఎండీలో పేర్లు కాస్త తికమక పెడతాయి, ఇక్కడే చాలామంది మోసపోతారు. రైజెన్ 3 7320యూ, రైజెన్ 3 7330యూ అని రెండున్నాయి, తేడా ఒక్క అంకె. ఈ 7000 వరుసలో మొదటి అంకె మోడల్ ఏ సంవత్సరానిదో చెబుతుంది, మూడో అంకె లోపలి డిజైన్ ఏ తరానిదో చెబుతుంది. 7320లో మూడో అంకె 2, అంటే 2019 నాటి జెన్ 2. 7330లో అది 3, అంటే దాని తర్వాతి జెన్ 3. పైగా 7320యూ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి వస్తుంది. 8 జీబీతో కొంటే ఎప్పటికీ 8 జీబీయే. ధరలో పెద్ద తేడా లేకపోతే 7330యూ తీసుకోండి.

ర్యామ్ సంగతి తేలిగ్గా తీసుకోవద్దని మరీ మరీ చెబుతున్నాను. 8 జీబీ ఉన్న యంత్రంలో మీరు ఏమీ తెరవకముందే విండోస్ 11 మూడు నాలుగు జీబీ వాడేసుకుంటుంది. ఆండ్రాయిడ్ స్టూడియోకు కనీసం 8 జీబీ కావాలని, ఎమ్యులేటర్ (ల్యాప్‌టాప్‌లోనే నడిచే నకిలీ ఫోన్) కూడా నడపాలంటే 16 కావాలని గూగులే చెబుతోంది. ఈ రోజు 16 జీబీకి డబ్బు చాలకపోవచ్చు, ఫరవాలేదు. ఇంకో ర్యామ్ ముక్క పెట్టుకునే ఖాళీ స్లాట్ ఉన్నది కొనండి, రెండో ఏడాదిలో ఇంకో 8 జీబీ కలుపుకోవచ్చు. స్లాట్ ఉందో లేదో అమ్మేవారి నోటిమాట మీద నమ్మనక్కరలేదు. దుకాణంలో ఆన్ చేసి ఉంచిన ల్యాప్‌టాప్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్, ఆ తర్వాత మెమరీ నొక్కండి. ఎన్ని స్లాట్లున్నాయో, ఎన్ని నిండాయో కనబడుతుంది. ఫామ్ ఫ్యాక్టర్ ఎదురుగా ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే ఆ ర్యామ్ అతికించినదని అర్థం. పక్కనే సీపీయూ మీద నొక్కితే ప్రాసెసర్ అసలు పేరు కూడా తెలిసిపోతుంది. ఒక్క నిమిషం పని, ఎవరూ కాదనరు. కాదంటే ఆ దుకాణం వదిలేయండి.

తెరను దుకాణం లైట్ల కింద కాకుండా గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుతురులో చూడండి. 1920 బై 1080 ఉండాలి. 1366 బై 768 అయితే కోడ్ సగం తెరలోనే ఇరుక్కుంటుంది. మూతను వెనక్కి వంచి, కింది నుంచి పైకి చూడండి. రంగులు తారుమారైతే అది చవక టీఎన్ ప్యానెల్. ఐపీఎస్ అయితే ఏ వైపు నుంచి చూసినా రంగు నిలుస్తుంది. రాత్రిళ్లు గంటలకొద్దీ చూడాల్సిన కళ్లు మీ చెల్లెలివి, అందుకే దీని కోసం వెయ్యి రూపాయలు ఎక్కువైనా పెట్టమంటాను. తర్వాత ఆ మూతనే రెండు మూడుసార్లు తెరిచి మూయండి. మా గదికి వచ్చే రిపేర్లలో అన్నిటికంటే ఎక్కువ కనబడేది మూత కీళ్లు విరగడమే. కీలు స్క్రూలు సన్నని ప్లాస్టిక్‌లోకి బిగించి ఉంటాయి, రోజూ బ్యాగులో పెట్టి తీసే చేతుల్లో ఏడాది తిరిగేసరికి ఊడి వస్తాయి. తెరుస్తున్నప్పుడు కీలు దగ్గర బాడీ ఉబికినట్టు కనబడితే ఆ మోడల్ వద్దు.

స్టోరేజీ దగ్గర ఒక్కటే జాగ్రత్త: ఈఎంఎంసీ అని రాసి ఉంటే వద్దు. అది ఎస్ఎస్‌డీ కంటే చాలా నెమ్మది, బోర్డుకే అతికి ఉంటుంది. 256 జీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన రకం) ఎస్ఎస్‌డీ మొదట్లో చాలు.

ఇదే ధరకు సెకండ్ హ్యాండ్ ఐ5 వస్తుంది, రైలెక్కి చెన్నైలో ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌కు వెళ్లి తెచ్చుకోండి అని మీకు కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. చెడ్డ సలహా కాదు, కానీ ఐ5 అన్న పేరు చూసి మాత్రం కొనవద్దు. ఐ5 తర్వాత వచ్చే అంకె చూడండి. 6300యూ అంటే ఆరో తరం. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం నుంచే పనిచేస్తుంది, విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఎనిమిదో తరం ఐ5-8250యూ అయితే నాలుగు కోర్లు ఉంటాయి, వ్యాపార సంస్థలు వాడి తీసేసిన గట్టి మోడళ్లు దొరుకుతాయి. కొనేముందు విండోస్‌లోనే ఉన్న బ్యాటరీ రిపోర్ట్ తీయించండి. తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండుతున్న సామర్థ్యం రెండూ అందులో ఉంటాయి. సగానికి పడిపోతే కొత్త బ్యాటరీ ఖర్చును కూడా ధరలో కలుపుకొని బేరమాడండి.

కొత్తదైతే, ఉచిత బ్యాగును పక్కన పెట్టి విండోస్ అసలుదేనా అని అడగండి. విండోస్ లేకుండా వచ్చిన యంత్రాల్లో లైసెన్సు లేని కాపీ ఎక్కించి ఇచ్చేవారున్నారు. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ చూస్తే డిజిటల్ లైసెన్స్ ఉందో లేదో తెలుస్తుంది. ఎంఎస్ ఆఫీస్ ఉందంటే అది శాశ్వతమా, ఏడాది చందానా అని కూడా అడగండి. చందా అయితే దాని కోసం ధర పెంచుకోవద్దు, లిబ్రే ఆఫీస్ ఉచితం, తెలుగు కూడా బాగా టైపవుతుంది.

చివరగా వారంటీ. కంపెనీ వెబ్‌సైట్లో మన పిన్‌కోడ్ 517501 ఇచ్చి, సర్వీస్ సెంటర్ తిరుపతిలోనే ఉందా, వేరే ఊరికి పంపాలా అన్నది కొనేముందే చూడండి. మనిషి ఇంటికే వచ్చి బాగుచేసే ఆన్‌సైట్ వారంటీ ఉంటే, పరీక్షల సమయంలో వారాల తరబడి ల్యాప్‌టాప్ లేకుండా ఉండే బాధ తప్పుతుంది. జీఎస్‌టీ బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకోండి. ఆన్‌లైన్‌లో వెయ్యి, పదిహేను వందలు తక్కువ కనబడితే అదే ధర ఇక్కడి దుకాణంలో అడగండి, చాలాసార్లు దిగి వస్తారు. దిగకపోయినా అంత చిన్న తేడాకు నేను ఇక్కడే కొంటాను. మొదటి వారంలో ఏదైనా తేడా వస్తే ఎదురుగా నిలబడి అడగడానికి మనిషి ఉంటాడు.

ఇంకేదైనా మోడల్ నచ్చితే పెట్టె మీద సీరియల్ నంబరు కనబడకుండా, పూర్తి మోడల్ నంబరు ఒక్కటే కనబడేలా ఫొటో తీసి ఈ జవాబు కింద పెట్టండి. ఒకే పేరుతో ఐదారు రకాలు అమ్ముతుంటారు, చివరి అక్షరాలు చూస్తేగానీ తేడా తెలియదు. స్లాట్ ఉందో లేదో నేను చూసి చెబుతాను.