డాఫ్నియా చదువు దండగ కాదమ్మా

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయి తిరుపతిలో బీఎస్సీ జువాలజీ రెండో ఏడాది చదువుతోంది. మురుగునీటిలో కలిసే మందులు చిన్న చిన్న నీటి జీవుల్ని ఏం చేస్తాయో పరిశోధన చేస్తానంటోంది. చుట్టాలేమో మెడికల్ కోడింగ్‌లో చేర్చమంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ అమ్మాయి పట్టుకున్నది చిన్న విషయం కాదు. మనం మింగిన మాత్ర అంతా ఒంట్లోనే అయిపోదు, కొంత మూత్రంలో బయటికొస్తుంది. మామూలు మురుగుశుద్ధి ప్లాంట్లు దాన్ని పూర్తిగా ఆపలేవు. ఫిట్స్‌కి వాడే కార్బమజెపైన్ చాలావరకు అలాగే దాటిపోతుంది. ఫ్యాక్టరీల సంగతి ఇంకా ఘోరం. పటాన్‌చెరు దగ్గర సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే ప్లాంటులో, శుద్ధి చేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు బయటపెట్టారు.

ఈ నీళ్లను పరీక్షించడానికి వాడే జీవుల్లో డాఫ్నియా ఒకటి. ఆవగింజంత ఉంటుంది. ఒళ్లు గాజులా ఉంటుంది కాబట్టి మైక్రోస్కోప్ కింద గుండె కొట్టుకోవడం కూడా కనిపిస్తుంది. పుట్టి ఒక రోజు కూడా నిండని పిల్లల్ని మందు కలిపిన నీటిలో 48 గంటలు ఉంచి, ఎన్ని కదలడం మానేశాయో లెక్కపెడతారు. నన్ను భయపెట్టేది మాత్రం 21 రోజుల పరీక్ష. అందులో తల్లి చావకపోవచ్చు, ఈదుతూనే ఉంటుంది. కానీ పిల్లలు తగ్గిపోతాయి. చేపపిల్లలకు తిండి ఇలాంటి జీవులే కదా!

ఇక చదువు. ఎస్వీయూలో పీజీకి ఏపీ పీజీసెట్, ఐఐటీలకైతే జామ్ రాయాలి. తర్వాత నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వచ్చి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు వస్తాయి. జువాలజీ ఒక్కటే చాలదు. నీటిలో మందు ఎంతుందో కొలిచే ఎల్‌సీ-ఎంఎస్ మెషీన్ మీద పని, స్టాటిస్టిక్స్ తప్పకుండా నేర్చుకోవాలి. పీహెచ్‌డీ దాకా వెళ్లకపోయినా, మందులకూ పురుగుమందులకూ టాక్సిసిటీ (విషప్రభావం) పరీక్షలు చేసే ప్రైవేటు ల్యాబుల్లో ఈ పని తెలిసినవాళ్లు కావాలి.

ఒకటి మాత్రం దాచను. పరిశోధనలో పర్మనెంట్ ఉద్యోగం ఆలస్యంగా వస్తుంది. రెండేళ్లలో ఇంటికి ఆమె జీతం అవసరమైతే ఆ మాట ఇప్పుడే చెప్పేయండి. మెడికల్ కోడింగ్ చేయడం తప్పేమీ కాదు, కానీ చుట్టాల నోటికి భయపడి మాత్రం చేర్చొద్దు.

డిగ్రీలో ఎలాగూ ఇంటర్న్‌షిప్ చేయాలి కాబట్టి, దాన్ని నీటి పరీక్షల ల్యాబులో చేయమనండి. ఆ పని రోజూ చేయగలదో లేదో ఆమెకే తెలిసిపోతుంది. మురుగునీటి శాంపిల్ తీయడానికి వెళ్తే గ్లౌజులు వేసుకోమనండి, ఆ నీళ్లలో మందులొక్కటే కాదు, రోగాలూ ఉంటాయి.