టెక్ సందేహాలు: మిర్చి కళ్లంలో టర్బైన్ జెట్ ఎగరేయొచ్చా?

ప్రశ్న: రెండేళ్లుగా థర్మాకోల్ ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) విమానాలు ఎగరేస్తున్నాను. ఈమధ్య సెకండ్ హ్యాండ్‌లో కిరోసిన్‌తో నడిచే టర్బైన్ జెట్ కొన్నాను. మా మామయ్య వాళ్ల మిర్చి కళ్లం ఖాళీగా ఉంది. అక్కడ ఎగరేయొచ్చా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, గుంటూరు

జవాబు: వద్దండీ. కళ్లం ఖాళీ అయినా పక్కనే ఎండిన మిరప కట్టె, గడ్డివాములు ఉంటాయి. టర్బైన్ తోకలోంచి వచ్చే వేడి 500 డిగ్రీలు దాటుతుంది. కూలిందంటే ట్యాంకులో మిగిలిన కిరోసిన్ కూడా తోడవుతుంది. ఆ తర్వాత మామయ్యకు ఏం చెప్పుకుంటారు? జనం, పంటలు లేని చోట తారు లేదా సిమెంటు రన్‌వే దొరికేదాకా ఆగండి.

ఈలోగా ఫెయిల్‌సేఫ్ చూడండి, అంటే సిగ్నల్ పోతే విమానం ఏం చేయాలో ముందే పెట్టుకునే సెట్టింగ్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు మొదట అనుమానించాల్సింది దీన్నే. సిగ్నల్ పోతే విమానంలోని కొన్ని రిసీవర్లు చివరగా అందిన ఆదేశాన్నే పట్టుకుని కూర్చుంటాయి. అది ఫుల్ థ్రాటిల్ అయితే జెట్ అలాగే పోతూ ఉంటుంది. గంటకు 200 కిలోమీటర్లంటే సెకనుకు 55 మీటర్లు! ఇంజిన్ ఐడిల్‌కి (కనీస వేగానికి) దిగితే చాలదు, పూర్తిగా ఆగాలి. థ్రాటిల్ స్టిక్, దాని పక్కనుండే చిన్న సర్దుబాటు మీట (ట్రిమ్) రెండూ కిందికి దించి, ఆ స్థితినే ఫెయిల్‌సేఫ్‌గా సేవ్ చేయండి. తర్వాత ఆరుబయట విమానాన్ని గట్టిగా కట్టి, ఐడిల్‌లో నడుస్తుండగా ట్రాన్స్‌మిటర్ ఆపేయండి. ఒకట్రెండు సెకన్లలో ఇంజిన్ ఆగకపోతే దాన్ని ఎగరేసే మాటే లేదు. ఆగాక ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ యూనిట్) స్టార్టర్ మోటారును తిప్పుతూ ఇంజిన్‌ను చల్లబరుస్తుంది. వేడి 100 డిగ్రీల లోపు పడేదాకా బ్యాటరీ తీయకండి.

స్టార్ట్ చేసేటప్పుడు వెనకా, టర్బైన్‌కు పక్కనా ఎవరూ నిలబడకూడదు. చేతికందేలా మంటలార్పే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ ఉండాలి. పౌడర్ కొడితే మంట ఆరుతుంది గానీ ఇంజిన్ పాడవుతుంది. గడ్డి అంటుకుంటే మాత్రం నీళ్ల క్యాన్లు, తడి గోనెసంచులే దిక్కు.

ఇంకో తేడా. మీ థర్మాకోల్ విమానం స్టిక్ నెట్టగానే దూసుకెళ్తుంది. టర్బైన్ ఐడిల్ నుంచి ఫుల్‌కి రావడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది. ల్యాండింగ్‌లో వేగం పడిపోయాక థ్రాటిల్ ఇస్తే, అది అందుకునేలోపే విమానం నేలమీద ఉంటుంది. కాబట్టి మొదటిసారి అనుభవమున్న జెట్ పైలట్‌ను పక్కన పెట్టుకోండి.

ప్రశ్న: టర్బైన్‌లో బంకు డీజిల్ పోయొచ్చా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: మాన్యువల్ ఒప్పుకుంటే పోయొచ్చు. పొగ, వాసన ఎక్కువ. పెట్రోల్ మాత్రం ససేమిరా వద్దు. టర్బైన్ ఆయిల్ కలపడం మర్చిపోకండి, సాధారణంగా 5 శాతం. నిమిషానికి లక్ష సార్లకు పైగా తిరిగే బేరింగులకు ఇంధనంతోపాటు వచ్చే ఆ ఆయిలే ఆధారం.

ప్రశ్న: మంగళగిరి నుంచి గన్నవరం ఎయిర్‌పోర్టు దూరమే కదా, ఇంకా రూల్స్ ఏంటి?
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: దూరం ఒక్కటే చూస్తే కుదరదు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం సరదాకి ఎగరేసే మోడల్ బరువు 25 కిలోలు మించకూడదు, కంటికి కనిపించేంత దూరంలోనే ఉండాలి. గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో) మామూలుగా 400 అడుగులే హద్దు. అమరావతిలో సభలుంటే ఎస్పీ స్థాయి అధికారి 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్ (అనుమతి లేకుండా ఎగరేయకూడని ప్రాంతం) ప్రకటించొచ్చు. అందుకే బయల్దేరే రోజు ఉదయం ఈ జోన్లను చూపించే ప్రభుత్వ ‘డిజిటల్ స్కై’ మ్యాప్ మరోసారి చూడండి.