బ్రిటన్ మళ్లీ యూరోపియన్ యూనియన్‌లో చేరుతుందా?

ఇప్పట్లో చేరదు. కానీ దగ్గరవుతోంది, దానికి తగిన మూల్యమూ ఇస్తోంది.

నేను ఇంగ్లండ్‌లో చీజ్ ఎగుమతి చేసే ఒక చిన్న కంపెనీలో కాగితాల పని చూస్తాను. 2020 చివరిదాకా ఫ్రాన్స్‌కి సరుకు పంపాలంటే ఇన్వాయిస్ రాసి లారీ ఎక్కించడమే. బ్రెగ్జిట్ (యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం) పూర్తిగా అమల్లోకి వచ్చిన 2021 జనవరి 1 నుంచి కస్టమ్స్ డిక్లరేషన్, దాంతోపాటు పశువైద్యుడు సంతకం చేసిన ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఒక్క పెట్టె పంపినా లారీ నిండా పంపినా ఆ డాక్టరు ఫీజు దాదాపు ఒకటే. దాంతో అటువైపున్న చిన్న కొట్ల ఆర్డర్లు మాకు గిట్టుబాటు కాక వదులుకున్నాం. నలుగురి సరుకు కలిపి వెళ్లే లారీ అయితే మరీ టెన్షన్. ఎవరిదో ఒక కాగితంలో తప్పుంటే అందరి సరుకూ ఫ్రాన్స్ రేవు కలేలో ఆగిపోతుంది. తమాషా ఏంటంటే, అక్కణ్ణించి ఇక్కడికొచ్చే చీజ్‌కి ఇలాంటి ధ్రువపత్రం అడగడాన్ని బ్రిటన్ 2024 జనవరి దాకా వాయిదా వేస్తూనే వచ్చింది!

2025 మే 19న లండన్‌లో స్టార్మర్ నాయకత్వంలోని లేబర్ పార్టీ ప్రభుత్వం యూనియన్‌తో కుదుర్చుకున్న అవగాహనలో మాలాంటివాళ్లకు ముఖ్యమైంది ఈ కాగితాలను చాలావరకు తీసేసే ఒప్పందం ఒకటి చేసుకోవాలన్న నిర్ణయం. బదులుగా ఆహార నిబంధనలను యూనియన్ మార్చినప్పుడల్లా బ్రిటన్ కూడా మార్చుకోవాలి. అభిప్రాయం చెప్పుకోవచ్చు, ఓటు మాత్రం ఉండదు. యూరప్ పడవలు బ్రిటన్ జలాల్లో 2038 దాకా చేపలు పట్టుకోవచ్చు. 2016 రెఫరెండంలో 51.9 శాతం మంది బయటికి ఓటేసింది మా చట్టాలు మేమే చేసుకుంటామనే కదా. లోపలున్నప్పుడు ఆ నిబంధనల మీద ఓటైనా ఉండేది. అయినా నా పని వరకైతే ఈ ఒప్పందం మంచిదే.

ఉమ్మడి మార్కెట్, కస్టమ్స్ యూనియన్, స్వేచ్ఛగా వచ్చిపోయే హక్కు, ఈ మూడింటి జోలికి వెళ్లబోమని లేబర్ పార్టీ 2024 మేనిఫెస్టోలోనే రాసుకుంది. అందుకే చేరదంటున్నాను.

మనవాళ్లు ఎక్కువగా అడిగేది వీసా గురించి. యూరప్‌లో చాలా దేశాలకు ఒకే వీసాతో వెళ్లగలిగే షెంగెన్ ఏర్పాటులో బ్రిటన్ ఎప్పుడూ లేదు. భారత పాస్‌పోర్టుతో పారిస్ వెళ్లడానికి అప్పుడూ వీసా కావాలి, ఇప్పుడూ కావాలి. నిజానికి 2021లో యూరప్‌వాళ్లకీ మనకీ వీసాలకు ఒకే పాయింట్ల పద్ధతి (ఉద్యోగం, జీతం, ఇంగ్లిష్ లాంటివాటికి పాయింట్లిచ్చేది) పెట్టాక, చదువు తర్వాత పనిచేసుకునే వీసా కూడా రావడంతో హైదరాబాద్, విజయవాడల నుంచి మాస్టర్స్‌కి వచ్చేవాళ్లకు దారి సులువైంది. తర్వాత ఆ నిబంధనలనూ బిగించారనుకోండి, కానీ అది లండన్ సొంత నిర్ణయం.