పూడిక గేట్లు ఎత్తితే పోతుందా?

ప్రశ్న: శ్రీశైలం నిండితే 215 టీఎంసీలే అంటున్నారు. ఒకప్పుడు 308 అనేవారు. వరదప్పుడు గేట్లన్నీ ఎత్తేస్తే పూడిక కొట్టుకుపోదా?
– పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: రెండు లెక్కలూ నిజమే. 885 అడుగుల మట్టానికి మొదట 308.06 టీఎంసీలు పట్టేవి, ఇప్పుడు 215.81. దాదాపు 92 టీఎంసీల జాగాలో మట్టి చేరింది. ఎగువన తుంగభద్ర కూడా 132 నుంచి 105కు పడిపోయింది.

గేట్లతో ఇది తీరదు. శ్రీశైలంలో 12 గేట్లూ 830 అడుగుల అంచు మీద ఉన్నాయి. పాత పూడిక చాలావరకు అంతకంటే లోతున, గోడకు ఎంతో ఎగువన ఉంటుంది. నది జలాశయంలోకి వచ్చి వేగం తగ్గగానే ముతక ఇసుక అక్కడే దిగిపోతుంది. సన్న ఒండ్రు మాత్రమే డ్యాం దాకా వస్తుంది. గేట్ల మీంచి దూకే బురదనీళ్లలో ఉండేది ఎక్కువగా ఆ వరద వెంట వచ్చిన మట్టే. ఏళ్ల తరబడి గట్టిపడ్డది కదలదు.

తవ్వి తీయడం? ఒక్క టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. 10 ఘనపు మీటర్ల టిప్పర్లతో 28 లక్షల ట్రిప్పులు! చెరువుల్లో పూడిక తీయగలం, ఇంత పెద్ద జలాశయంలో అది అయ్యే పని కాదు. ఎగువన మట్టి కదలకుండా చూడటమే మార్గం. ప్రవాహం పెరిగేకొద్దీ మట్టిని మోసే శక్తి అంతకు మించి పెరుగుతుంది. 2009 అక్టోబరులో సుమారు 25 లక్షల క్యూసెక్కులు వచ్చిపడ్డట్టు, ఒక్క పెద్ద వరద చాలా ఏళ్ల మట్టిని ఒకేసారి దింపగలదు.

ప్రశ్న: డ్యాముల్లో మట్టి నిండుతుంటే మా తీరం ఎందుకు కోసుకుపోతోంది?
– పాఠకురాలు, నాగాయలంక

జవాబు: మీ తీరానికి రావలసిన మట్టి ఆ డ్యాముల వెనకే ఆగిపోయింది కాబట్టి. డెల్టా ఒండ్రు తన బరువుకు తానే అణిగి కుంగుతూ ఉంటుంది, ఏటా కొత్త మట్టి వచ్చి ఆ లోటు పూడ్చాలి. అది రాక, నదిలో ఇసుకా తవ్వేస్తే, పెరుగుతున్న సముద్రమట్టానికి అడ్డేముంటుంది?

ప్రశ్న: మా ఎర్రనేలలో వేరుశనగ వేస్తాం. ఒక వానకు ఎంత మట్టి పోతుందో తెలుసుకోవచ్చా?
– రైతు, కదిరి

జవాబు: ఒక లీటరు సీసా చాలు. వాన పడుతుండగానే, నీళ్లు చేను దాటే చోట పారే నీటి మధ్యలోంచి ఒక సీసా పట్టండి, పావుగంట ఆగి ఇంకోటి. నిలిచిన గుంటలోంచి పట్టకండి, అక్కడ ముతక మట్టి అప్పటికే అడుగుకు దిగి లెక్క తగ్గుతుంది. చిటికెడు పటిక వేసి కలిపి రెండు రోజులు కదపకుండా ఉంచండి, పటిక లేకపోతే సన్న బంకమన్ను తేలుతూనే ఉంటుంది. పైన తేరిన నీళ్లు వంచేసి, అడుగు మట్టిని ఎండబెట్టి తూచండి.

లీటరుకు 5 గ్రాములు వచ్చిందనుకుందాం. ఎకరం మీద అంగుళం లోతు నీరు పారిపోతే అది లక్ష లీటర్ల పైమాటే, అంటే 500 కిలోల మట్టి. (కురిసిందంతా పారదు, పారినంతే లెక్కకట్టాలి.) పోయేది పైపొర, మీరు వేసిన ఎరువు ఉన్నదీ అందులోనే.

వానరోజులు తగ్గి ఒక్కసారిగా కుమ్మరించడం పెరిగేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. అన్నిటికంటే ప్రమాదం దున్ని వదిలేసిన చేనుపై పడే తొలి వానలు: చినుకు దెబ్బకు మట్టిగడ్డ చెదిరి, సన్నమట్టి రంధ్రాల్లో కూరుకుని పైన పెచ్చు కడుతుంది, ఇక నీరు ఇంకదు. వాలుకు అడ్డంగా దున్నండి, సాళ్లూ అలాగే వేయండి. మధ్యమధ్య కంది సాళ్లు వేస్తే వేరుశనగ పీకేశాక కూడా నేల పూర్తిగా బోసిపోదు. గట్టు వేస్తే మిగులు నీటికి రాళ్లు పేర్చిన అలుగు తప్పక పెట్టండి, దాని మట్టం గట్టు కంటే కనీసం జానెడు కిందకు ఉండాలి. అలుగు లేని గట్టు పెద్దవానకు ఒకచోట తెగుతుంది, ఆ గండి నుంచే వాగు మొదలవుతుంది.