పెట్టుబడి కంటే ముందు పద్దు
(పాఠకుల ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: బీకాం పాసై మూడేళ్లయింది. ఇంకా ఉద్యోగం లేదు. నాన్న హార్బర్‌లో కళాసీ. ప్రైవేటు కాలేజీలో ఎంబీఏ ఫీజు మా వల్ల కాదు. ఎంబీఏ లేకపోతే వ్యాపారం నేర్చుకోలేమా సార్?
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీరు కోరుకునేది ఉద్యోగమా, సొంత కొట్టా? ముందు ఈ సంగతి తేల్చుకోండి. రెండు దారులూ వేరు, ఖర్చులూ వేరు.

ఉద్యోగమే కావాలంటే ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాయండి. 200 ప్రశ్నలకు 150 నిమిషాలు. తప్పు రాసినా మార్కు పోదు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. అర్హత మార్కు 25 శాతం. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కు కూడా లేదు. సీటు మాత్రం కన్వీనర్ కోటాలోనే, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలోనే తీసుకోండి. ‘ముందు చేరిపోండి, ఫీజు ప్రభుత్వమే కడుతుంది’ అంటూ మేనేజ్‌మెంట్ కోటా సీటు అంటగట్టే దళారులు కౌన్సెలింగ్ రోజుల్లో చాలామంది తిరుగుతుంటారు. చేరబోయే కోర్సుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందో లేదో కాలేజీ కాగితం మీద రాసిచ్చాకే సర్టిఫికెట్లు అప్పగించండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1957 నుంచే ఎంబీఏ ఉంది. అక్కడ కూడా రెగ్యులర్ సీటుకూ సెల్ఫ్ సపోర్ట్ (విద్యార్థుల ఫీజులతోనే నడిచే) సీటుకూ ఫీజులో చాలా తేడా ఉంటుంది. ఆప్షన్లు పెట్టేటప్పుడు అది చూసుకోండి.

పగలు పనికి వెళ్తూ చదవాలంటే దూరవిద్య నడిపే ఇగ్నో ఉంది. ప్రాంతీయ కేంద్రం మన విశాఖలోనే ఉంది. డిగ్రీలో 50 శాతం, రిజర్వుడు వర్గాలకు 45 శాతం ఉంటే ఎంబీఏలో చేరవచ్చు. రెండేళ్లలో పూర్తి చేయాలి, కుదరకపోతే నాలుగేళ్ల దాకా గడువుంటుంది. ఎక్కువమంది అసైన్‌మెంట్ల దగ్గరే ఆగిపోతారు. గడువులోగా అవి ఇవ్వకపోతే పరీక్ష రాసినా ఫలితం పూర్తికాదు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక ‘స్వయం’ పోర్టల్‌లో అకౌంట్స్, మార్కెటింగ్ పాఠాలు ఉచితంగా వినవచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి.

కొట్టు పెట్టాలనుకుంటే మాత్రం రెండేళ్ల ఎంబీఏ అక్కర్లేదు. జిల్లాకొకటి చొప్పున లీడ్ బ్యాంకు (జిల్లాలోని బ్యాంకులకు పెద్దదిక్కుగా ఉండే బ్యాంకు) నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి. శిక్షణ, భోజనం, వసతి అన్నీ ఉచితం. కోర్సు ముగిశాక రెండేళ్ల పాటు మీ వ్యాపారం ఎలా సాగుతోందో కనుక్కుంటారు. అయితే ఇవి ప్రధానంగా పల్లె యువత కోసం. పద్మనాభం, ఆనందపురం వైపు పిల్లలు తప్పక వాడుకోవాలి. మీలాంటి నగరవాసులు జీవీఎంసీలోని పట్టణ సామాజికాభివృద్ధి (యూసీడీ) విభాగంలోనూ, జిల్లా పరిశ్రమల కేంద్రంలోనూ అడగండి.

ప్రశ్న: ఎనిమిదో తరగతిలో చదువు మానేశాను. ఇడ్లీ, దోసె పిండి ప్యాకెట్ల వ్యాపారం పెట్టాలని ఉంది. సబ్సిడీ లోను ఇప్పిస్తానని ఒకాయన 15 వేలు అడుగుతున్నాడు. ఇవ్వమంటారా మేడమ్?
- ఒక పాఠకురాలు, కంచరపాలెం

జవాబు: ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దమ్మా. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకానికి దరఖాస్తు పూర్తిగా ఆన్‌లైన్‌లోనే, ఉచితం. తయారీ యూనిట్ ఖర్చు 10 లక్షలు దాటితేనే ఎనిమిది పాసవ్వాలి. మీది చిన్నది కాబట్టి చదువు అడ్డం రాదు.

4 లక్షల యూనిట్ అనుకుందాం. నగరంలో మహిళలకు సబ్సిడీ 25 శాతం, అంటే లక్ష. మీ వాటా 5 శాతం, 20 వేలు. మిగతా 3 లక్షల 80 వేలు బ్యాంకు ఇస్తుంది. లక్ష సబ్సిడీ మీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, తర్వాత అప్పులో జమవుతుంది. అంత మొత్తం మీద ఈలోగా వడ్డీ పడదు. మధ్యలో యూనిట్ మూసేస్తే సబ్సిడీ వెనక్కి పోతుంది. 5 లక్షల లోపు యూనిట్‌కు 5 రోజుల శిక్షణ ఉంటుంది. నిబంధనలు మారుతుంటాయి కనుక దరఖాస్తు పెట్టే రోజున పరిశ్రమల కేంద్రంలో ఒకసారి సరిచూసుకోండి.

లోను కన్నా ముందు తెలియాల్సిన లెక్క ఒకటుంది. కింది ధరలు ఉదాహరణకే. మీ బజారు ధరలు వేసి చూసుకోండి. కిలో పిండికి వంద గ్రాముల మినపగుళ్లు 13 రూపాయలు, మూడొందల గ్రాముల బియ్యం 13.50, ఉప్పు, నీళ్లు, కరెంటు 3, కవరు 2.50. మొత్తం 32. దుకాణానికి 45కు వేస్తే కిలోకు 13 మిగులు. నెలకు అద్దె 5,000, సహాయకురాలి జీతం 9,000, బ్యాంకు వాయిదా 6,500, బండి పెట్రోలు 3,000, మీ జీతం 12,000. మొత్తం 35,500. దాన్ని 13తో భాగించండి. నెలకు సుమారు 2,730 కిలోలు అమ్మాలి, 26 రోజుల పనికి రోజుకు 105 కిలోలు. మీ జీతం ఖర్చులో వేసుకోకపోతే లాభం వస్తోందని భ్రమపడతారు. అందరూ చేసే తప్పు ఇదే.

ఇప్పుడు నూటికి ఐదు ప్యాకెట్లు వెనక్కి వచ్చాయనుకోండి. 95 అమ్మితే 4,275 వస్తుంది, నూటికీ అయిన ఖర్చు 3,200. కిలోకు మిగులు 13 నుంచి 10.75కు పడింది. అప్పుడు రోజుకు 127 కిలోలు చేయాలి. విశాఖ ఉక్కపోతలో ఏప్రిల్, మే నెలల్లో పిండి త్వరగా పులిసి కవరు ఉబ్బిపోతుంది, వాపసులు పెరుగుతాయి. రుబ్బేటప్పుడు చల్లటి నీళ్లు పోయండి. దుకాణంలో ఫ్రిజ్ ఉంటేనే వేయండి. వారానికోసారి డబ్బిచ్చే దుకాణాలైతే దాదాపు 33 వేలు అరువులోనే తిరుగుతుంటుంది. ఆ సొమ్మును ప్రాజెక్టు రిపోర్టులో నిర్వహణ పెట్టుబడిగా చూపించండి. చాలామంది అంతా యంత్రాలకే చూపించి, రెండో నెలలో బియ్యం కొనడానికి డబ్బుల్లేక కూర్చుంటారు.

బ్యాంకు తిప్పి పంపడానికి కారణాలు సాధారణంగా ఇవి: ఆధార్‌లో ఒక పేరు, పాసుబుక్‌లో ఇంకో పేరు ఉండటం, జీఎస్టీ నంబరు లేని కొటేషన్, ఎవరిదో రిపోర్టుకు మీ పేరు తగిలించడం, ఎప్పుడో ఫోన్ యాప్‌లో తీసుకుని కట్టని మూడు వేల అప్పు. క్రెడిట్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితం. ముందే చూసుకోండి.

ప్రశ్న: మా యువజన సంఘానికి కమ్యూనిటీ హాలు ఉంది. ఖాళీగా ఉన్న పిల్లలకు సాయంత్రం వ్యాపార తరగతులు పెట్టాలనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?
- ఒక సంఘ సభ్యుడు, అరిలోవ

జవాబు: చాలా మంచి ఆలోచన. గంభీరంలో ఐఐఎం ఉన్నంత మాత్రాన అరిలోవ పిల్లల దాకా వ్యాపార విద్య రాదు. మధ్యలో ఇలాంటి హాళ్లు కావాలి.

20 నుంచి 25 మంది చాలు. వారానికి రెండు రోజులు, గంటన్నర చొప్పున, ఎనిమిది వారాలు. ఆటోనగర్ పనికి వెళ్లేవాళ్లకు రాత్రి ఏడున్నర తర్వాత, ఆడపిల్లలకూ తల్లులకూ మధ్యాహ్నం మూడింటికి వేరే బ్యాచ్. ఒకే సమయం పెడితే ఎవరో ఒకరు తప్పుకుంటారు.

మొదటి రోజు నిర్వచనాలు చెప్పొద్దు. నిన్న ఇంట్లో అయిన ఖర్చు రాయించండి. రెండో వారానికల్లా పద్దు పుస్తకంలో వచ్చింది, పోయింది, అరువు, ఇంట్లో వాడుకున్నది అని నాలుగు గడులు ఉండాలి. నాలుగో గడి వదిలేస్తే కొట్టు సరుకు ఇంటికి వెళ్లిన లెక్క ఎప్పటికీ దొరకదు. మూడు, నాలుగు వారాలు పైన చెప్పినట్టు కిలో లెక్క, ప్లేటు లెక్క కట్టించండి. ఐదో వారం ముగ్గురికొక జట్టు, జట్టుకు వెయ్యి రూపాయలు. పూర్ణా మార్కెట్‌లో కొని ఆదివారం అమ్మి రావాలి. నష్టం వచ్చినా తిట్టొద్దు, ఎక్కడ పోయిందో రాయించండి. తర్వాత ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు), ముద్ర లోను (శిశు విభాగంలో 50 వేల దాకా, తాకట్టు లేకుండా), చివర్లో బ్యాంకు మేనేజరుతో ముఖాముఖి.

మూడో వారంలో హాజరు పడిపోవడం మామూలే. పని దొరికితే వెళ్లిపోతారు, బస్సు డబ్బులుండవు. రానివాళ్ల ఇంటికి మర్నాడే ఎవరో ఒకరు వెళ్లాలి. బోధనకు రిటైరైన బ్యాంకు గుమాస్తా, పేటలోని కిరాణా కొట్టాయన, బీకాం చదివే అమ్మాయి చాలు. సర్టిఫికెట్ల మీద డబ్బు పెట్టకండి, దాన్ని చూసి బ్యాంకు అప్పివ్వదు. 30 రోజుల పాటు తప్పకుండా రాసిన పద్దు పుస్తకమే చివరి పరీక్షగా పెట్టండి.

ప్రశ్న: నాకు 26. పది తప్పాను. ఇక డిగ్రీ ఆశ వదులుకోవాల్సిందేనా?
- ఒక పాఠకుడు, పెదగంట్యాడ

జవాబు: వదులుకోవద్దు. ఏపీ ఓపెన్ స్కూల్‌కు గరిష్ఠ వయసు పరిమితి లేదు. ముందు పది, తర్వాత ఇంటర్, ఆపై దూరవిద్యలో బీకాం చేయొచ్చు. పాత పదిలో పాసైన సబ్జెక్టులు రెండింటి దాకా కలుపుతారు. అందుకే ఆ మార్కుల జాబితా చిరిగిపోయి ఉన్నా పారేయకండి, చేరేటప్పుడు వెంట తీసుకెళ్లండి.