రసీదు వెనక 'నో రీఫండ్' అని ఉంటే ఇక అడగకూడదా?

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. సముద్రం చూడాలని ఎన్నాళ్లుగానో అడుగుతోంది. పిల్లల్ని కూడా తీసుకుని తీరం వెంబడి మూడు రోజులు నింపాదిగా తిరిగొద్దామని ఒక ట్రావెల్స్ వారి దగ్గర ప్యాకేజీ తీసుకున్నాం. విడిగా కారు, సముద్రం కనిపించే గదులు, రోజుకు రెండు చోట్లే, ఒకరోజు పడవ షికారు అని వాట్సాప్‌లో రాసిచ్చారు. తీరా వెళ్లాక వేరే బృందంతో కలిపి మినీ బస్సు ఎక్కించారు. రోజుకు ఆరేసి చోట్లు తిప్పారు. అమ్మ చాలాచోట్ల దిగలేక బస్సు కిటికీలోంచే సముద్రం చూసింది. మా గది కిటికీ తెరిస్తే పక్క బిల్డింగ్ గోడ. వాతావరణ హెచ్చరిక వచ్చిందని పడవ షికారు రద్దు చేశారు. డబ్బు అడిగితే, రసీదు వెనక 'నో రీఫండ్' అని, కేసులన్నీ తమ ఊళ్లోనే వేయాలని ఉందంటున్నారు. మాకు దారి ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. అమ్మగారు ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన సముద్రాన్ని బస్సు కిటికీలోంచి చూసి రావాల్సి రావడం చదివితే చాలా బాధ కలిగింది. మీ కేసుకు ప్రాణం కూడా అదే. మీరు కొనుక్కున్నది బస్సులో సీటు కాదు, తీరిక. 'రోజుకు రెండు చోట్లే' అని రాసిచ్చాక అది కూడా ఒప్పందంలో భాగమే. కారు బదులు బస్సు, సముద్రం బదులు గోడ, తీరిక బదులు పరుగు: ఈ మూడూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవాలోపం కిందికే వస్తాయి.

డబ్బు కట్టింది మీరే అయినా, మీ అనుమతితో ఆ సేవ పొందిన అమ్మగారు, పిల్లలు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. ఇంగ్లండ్‌లో 1970లలో ఇలాంటి కేసే ఒకటి అప్పీల్ కోర్టు ముందుకు వచ్చింది. జాక్సన్ అనే ఆయన భార్యాపిల్లలతో సెలవులకు సిలోన్ (ఇప్పటి శ్రీలంక) సముద్రతీరానికి వెళ్తే, చెప్పిన వసతులు చాలావరకు అక్కడ లేవు. ఆయన ఒక్కడి నిరాశనే కాక కుటుంబమంతా పడ్డ నిరాశను లెక్కలోకి తీసుకుని, 1,100 పౌండ్ల పరిహారాన్ని కోర్టు ఖాయం చేసింది. ఆ తీర్పుకు మన వినియోగదారుల కమిషన్లు కట్టుబడనక్కర్లేదు. అయితే మానసిక వేదనకు పరిహారం ఇవ్వడం మన దగ్గరా ఉన్నదే.

పడవ సంగతి మాత్రం వేరు. హెచ్చరిక ఉన్నప్పుడు పడవ వేయకపోవడం తప్పు కాదు, వేసి ఉంటేనే తప్పు. దానికి పరిహారం అడగకండి, అడిగితే మీ మిగతా మాటల బలం కూడా తగ్గుతుంది. షికారు కోసం తీసుకున్న డబ్బు మాత్రం తిరిగి అడగండి. ఒప్పుకున్న పని ఎవరి తప్పూ లేకుండా అసాధ్యమైపోతే, దానికోసం పుచ్చుకున్నది తిరిగి ఇచ్చేయాలని 1872 కాంట్రాక్టు చట్టంలోని 56, 65 సెక్షన్లు కలిపి చదివితే తెలుస్తుంది.

'నో రీఫండ్' మాటకు భయపడకండి. మీ అంతట మీరు ప్రయాణం మానుకుంటే వాళ్లు దాన్ని చూపించవచ్చు. మాట తప్పింది వాళ్లయినప్పుడు ఆ ఒక్క ముక్క వాళ్లను కాపాడదు. ఇక ఊరి సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు.

ముందు స్పీడ్ పోస్టులో ట్రావెల్స్ వారికి నోటీసు పంపి పదిహేను రోజులు ఆగండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేయండి, కొన్ని తగాదాలు అక్కడే తేలిపోతాయి. ఆ వాట్సాప్ మెసేజీలున్న ఫోన్ మార్చకండి, చాట్ చెరిపేయకండి. ప్రింట్లు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద, అవి అసలు మెసేజీలవేనని ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. కిటికీ ఎదుట గోడ కనిపించే ఫొటో ఉంటే, తీసిన తేదీ, సమయం కనిపించేలా ఇవ్వండి.

మొత్తం డబ్బు వెనక్కి రావడం కష్టం. మూడు రోజులు ఉన్నారు, తిన్నారు, తిరిగారు కదా. కారుకూ బస్సుకూ, చెప్పిన గదికీ ఇచ్చిన గదికీ ఉన్న తేడా, పడవ డబ్బు, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు విడివిడిగా లెక్కగట్టి అడగండి. లక్షల్లో అడిగిన ఫిర్యాదు కంటే లెక్క చూపిన ఫిర్యాదుకే విలువ ఎక్కువ.

అమ్మగారి అఫిడవిట్ తప్పకుండా పెట్టండి. ఎక్కడెక్కడ దిగలేకపోయారో, ఎంతసేపు బస్సులో ఒంటరిగా కూర్చున్నారో ఆమె మాటల్లోనే రాయించండి.